తుమెర పుట్టిన ఇల్లు

మంచుకనుమకు పోయే తాళ్లవంతెన నడిమధ్యలో యువరాజు ప్రతాపకేతుకు పద్యం తట్టింది.

కింద చూస్తే కళ్లు తిరిగే లోయ. లోయ అడుగున నురగలు కక్కుతూ ఉరికే శ్వేతవాహిని. రెండు వైపులా ఎండ తగిలిన చోట కరిగిన వెండియై, నీడ పడిన చోట నీలమై, కొమ్ముల మీద కెంపులై మెరిసే మంచుకొండల బారులు. చూసి తీరవలసిన దృశ్యమే కాని, కాళ్లకింద తాళ్లు పురి విడిపోతున్నప్పుడు కాదు. రెండు గుర్రాలనూ బుజ్జగించి ముందుకు నడిపిస్తున్న దుబాసి సారంగుడికి వెనకనుంచి రాగాలాపన వినిపించింది. అతనికి ఒళ్లు మండిపోయింది.

"ప్రభూ, ఆ పద్యం అవతలి ఒడ్డున చెప్పండి. ముందు నడవండి."

"అప్పటికి మరిచిపోతానోయ్."

"మరిచిపోండి."

యువరాజు వీపు మీద బల్లిలా అతుక్కున్న కుంటి బైరాగి, "మెల్లిగా నాయనా, నాకు కుదుపు పడదు," అని మూలిగాడు. కొండకింద సత్రంలో ఈ బైరాగిని వెంటబెట్టుకున్నది యువరాజే. గుర్రమెక్కితే ఆయనకు వ్రతభంగమట. నడిస్తే కాలు నొప్పట. సాధుసేవ రాజధర్మమంటూ యువరాజు వీపు వంచాడు. సారంగుడు వద్దని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు.

ఈ ప్రకరణం దగ్గరే పుస్తకం తెరిచినవారికి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. మొదటినుంచీ చదువుతున్నవారు విసుక్కోవద్దు. సారంగుడు పడిన విసుగు ముందు మీదెంత.

మేఘవతి కొలువులో సారంగుడు దుబాసి. ఐదు రాజ్యాల భాషలు వచ్చినవాడు. తల్లీ తండ్రీ లేని అతణ్ని పెంచి పెద్దచేసింది అక్క మందారిక. ఆమె అదే కొలువులో కథలు చెప్పేది. ఒకనాడు యువరాజు ముచ్చటపడి అడిగితే, తన గుహలో తానే దారి తప్పి ఏడ్చిన గుడ్లగూబ మొహం మాంత్రికుడి కథ చెప్పింది. సభంతా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, వెనక వరసలో మారువేషంలో కూర్చున్న ఉలూకనాథుడు. వాడు నిజంగానే మాంత్రికుడు, నిజంగానే గుడ్లగూబ మొహం వాడు, నిజంగానే ఒకసారి తన గుహలో దారి తప్పాడు. లేచి నిలబడి చెయ్యి చాచాడు. మందారిక గొంతు ఆమె నోట్లోంచి సన్నని వెలుగుతీగై సాగి, వాడి మొలకు కట్టుకున్న శంఖంలోకి దూరిపోయింది. ఆ క్షణం నుంచి ఆమె పాదాలు రాయి కావడం మొదలుపెట్టాయి.

"తుమెర అనే మాట ఐదు రాజ్యాల్లోనూ ఉంది," అన్నాడు వాడు సారంగుడితో. "దాన్ని మొదట అన్నవాళ్లెవరో, ఏమని అన్నారో వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల నోటినుంచి విని వచ్చి నాకు చెప్పు. గొంతు ఇచ్చేస్తాను. ఈలోగా మీ అక్క నడినెత్తి దాకా రాయైపోతే నా పూచీ లేదు." ఒక మట్టిబొమ్మను చేతిలో పెట్టి మాయమయ్యాడు. అక్క ఎంతవరకు రాయైతే ఆ బొమ్మ అంతవరకు రాయవుతుంది. మనవాళ్లు వంతెన మీద ఉన్న ఈ ఘడియకు అది చంకల దాకా రాయైంది.

తన ముచ్చటే ఇంత చేసిందని యువరాజూ వెంట బయలుదేరాడు. ఒక్క మాట మూలం పట్టుకోవడం ఏమంత కష్టమనుకున్నాడు సారంగుడు మొదట్లో. పాపం.

మేఘవతిలో తుమెర అంటే గడప. ఆస్థాన పండితుణ్ని అడిగితే అది స్వచ్ఛమైన మేఘవతి మాటేననీ, మొదటి మహారాజు గడప తట్టుకుని బోర్లా పడినప్పుడు ఆయన నోట వెలువడిందనీ తేల్చిచెప్పాడు. సింహకేళిలో తుమ్రి అంటే శత్రువు. అక్కడి పండితుడు ఆ మాట యుద్ధభేరి చప్పుడులోంచి పుట్టిందన్నాడు, తక్కిన దేశాలవాళ్లు దాన్ని దొంగిలించారన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. దొంగలు ఎదురుగానే కూర్చున్నారని భటులను పిలిచాడు. యువరాజూ సారంగుడూ నెత్తిన గడ్డిమోపులు పెట్టుకుని, గుర్రాలకు గడ్డి వేసేవాళ్లమని చెప్పుకుని, కోట దాటేసరికి వెనక ఈటెలు గుచ్చుకుని మోపులు ముళ్లపందుల్లా తయారయ్యాయి.

రత్నద్వీపంలో తుమెలి అంటే చుట్టం. ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, ఊరంతా వరస కలిపి విస్తళ్ల ముందు కూర్చోబెట్టింది. లేవబోతే భుజాలు నొక్కి మళ్లీ వడ్డించింది. ఊపిరాడక పొర్లుతున్నవాళ్లను చివరికి పడవవాడు దొర్లించుకుంటూ పడవలో వేశాడు. కాంచనఘోషలో దుమెర అంటే పెళ్లికొడుకు. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పవద్దని యువరాజు ఒట్టు వేయించుకున్నాడు కనుక నేనూ చెప్పను. బాసికం మాత్రం ఇంకా అతని సంచిలోనే ఉంది. ధవళగిరిలో తుమ్ర అంటే ఆకలి. అక్కడి పండితులు సారంగుణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని పొద్దువాలేదాకా వాదించుకుని, ఏ మాటకూ మూలమనేది ఉండదని తీర్మానించి భోజనానికి లేచారు. అతణ్ని రమ్మనలేదు.

మాట మాదే అని ప్రతివాడూ అంటాడు. పక్కరాజ్యం వాడు అదే మాటను మరోలా ఎందుకంటున్నాడని ఒక్కడూ అడగడు. సారంగుడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ వాదాలన్నీ విన్నాక అతనికి తోచింది ఒక్కటే. ఐదు రాజ్యాలవాళ్లూ ఒకరినొకరు తిట్టుకున్నారు కాని, తమ తాతముత్తాతలు మంచుకనుమ దాటి వచ్చారన్న సంగతి మాత్రం అందరూ చెప్పారు. సరే, అక్కడికే పోదామన్నాడు. యువరాజు కొండల మీద పద్యాలు బాగా వస్తాయని సంతోషించాడు.

ఇక వంతెన సంగతి. యువరాజు పద్యం రెండో పాదంలో ఉండగా ఆకాశం చీకటైంది. రెండు తలల గండభేరుండం రెక్కలు ముడుచుకుని మీదికి దూకింది. ఒక తల యువరాజు తలపాగాను పట్టుకుంది, రెండోది బైరాగిని పట్టుకోబోయింది. బైరాగి తలెత్తి దాన్ని ఒక్క చూపు చూశాడు. అంత పెద్ద పక్షీ కోడిపెట్టలా కీచుమని, తలపాగా వదిలేసి, తనలో తాను చిక్కుపడుతూ లోయలోకి జారిపోయింది.

"సాధువుల వాసన దానికి పడదు కాబోలు," అన్నాడు యువరాజు.

సారంగుడికి ఆ చూపు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఎడమవైపు మోకు ఫట్టున తెగింది. గుర్రాల కళ్లేలు చేతికి చుట్టుకుని, వంతెన కొసదాకా పరుగెత్తి, ఒక్క ఉదుటున అవతలి ఒడ్డుకు దూకాడు. గుర్రాలు దూకాయి. యువరాజు బైరాగితో సహా దూకాడు. వెనక వంతెన మొత్తం పాములా మెలి తిరిగి లోయగోడకు కొట్టుకుంది.

"పద్యం పోయింది," అన్నాడు యువరాజు దిగాలుగా.

సారంగుడు చేతికి చుట్టుకున్న కళ్లేలు విప్పుకున్నాడు. అనడానికి నోట్లో ఉన్నవన్నీ యువరాజులతో అనకూడనివి.

కనుమ మీద గాలికి పొద్దూమాపూ పని లేదు, ఎప్పుడూ ఒకే ఊపు. పాలరాతి పలకల వంటి మంచు మైదానం, దాని అంచున ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడిన రెండు నల్లని శిఖరాలు. ఆ శిఖరాల మధ్యనుంచి పడమటి ఎండ బంగారు నీరులా పారి మైదానమంతా పరుచుకుంది. అంతటి వైభవం నడుమ ఒక్కటే ఇల్లు. రాళ్లు పేర్చి మట్టి మెత్తి, పైన పలకలు కప్పారు. ఇంటికి బయట తాళం లేదు, గొళ్లెం లేదు. గుర్రాల గిట్టల చప్పుడు విని కంబళి కప్పుకున్న ఒక ముసలావిడ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆమె పేరు ఈరమ్మ. ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే.

"వచ్చినారా. లోపలికి పోండి, నేను బయటుంటా," అంది.

యువరాజు నమస్కరించాడు. "మీ ఇంట్లో మేముండి, మీరు చలిలో నిలబడటం ఏమిటవ్వా?"

"ఇది మా పద్ధతి నాయనా. దారిన వచ్చినోళ్లు లోపలికి పోవాల, ఇంటోళ్లం బయటికి రావాల. గింజలు గంపలో ఉండాయి, ఉప్పు గూట్లో ఉండాది. పొయ్యి రాజేసి అంబలి కాయండి. కాసినాక తలుపు తీస్తే అందరం కలిసి తాగుదాం. అంతే."

"ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇల్లు అప్పగిస్తారా?" అన్నాడు సారంగుడు.

"తెలిసినోళ్లకైతే అప్పగించే పనేముండాది? ఎవురో ఒకరు పోండబ్బీ. మోకాళ్లు పట్టుకపోతాండాయి."

సారంగుడు అడుగు ముందుకు వేశాడు. యువరాజు అతని భుజం పట్టుకుని ఆపాడు. సాధువు ఉండగా గృహస్థులు ముందు అడుగు పెట్టడం మర్యాద కాదన్నాడు. ఇక్కడెవరూ గృహస్థులు లేరు, మనిద్దరికీ పెళ్లి కాలేదన్నాడు సారంగుడు. అది కాదు ధర్మం అన్నాడు యువరాజు. వాళ్లిద్దరూ ఆ ధర్మసూక్ష్మం తేల్చుకునేలోగా బైరాగి యువరాజు వీపు దిగి, చకచకా నడిచి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది. లోపల అడ్డగడియ పడింది.

"ప్రభూ, ఆయనకు ఏ కాలు కుంటి?"

యువరాజు మూసిన తలుపు వైపు చూశాడు. "ఇప్పుడు రెండూ బాగానే ఉన్నట్టున్నాయే."

లోపల గుడ్లగూబ కూసినట్టు నవ్వు వినిపించింది. ఆ నవ్వు సారంగుడికి తెలుసు. ఆ మాంత్రికుణ్ని ఇక్కడికి తీసుకొచ్చింది తామే. అదీ నడిపించి కాదు, మోసుకొచ్చి.

"దుబాసీ, దారి చూపినందుకు మెచ్చాను," అన్నాడు ఉలూకనాథుడు తలుపు అవతలినుంచి. "ఐదు రాజ్యాల మాటలకూ పుట్టిల్లు ఇదే. ఇంటివాళ్లు బయట, నేను లోపల. ఈ గడప ఇక నాది. ఇక్కణ్నుంచి వెళ్లిన ప్రతి మాటా నేను అనమన్నట్టే అంటారు. నోరు మూయమంటే ఐదు రాజ్యాలూ నోరు మూస్తాయి."

"మా అక్క గొంతు ఇస్తానన్నావు."

"మాట మూలం చెబితే ఇస్తానన్నాను. ఏదీ, చెప్పు."

సారంగుడు ఈరమ్మ వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ పండితుల కాళ్లు పట్టుకుని అడిగిన ప్రశ్నే అడిగాడు. "అవ్వా, తుమెర అంటే ఏమిటి?"

"అంటే ఏందేంది? తలుపు కాడ అనే మాట."

"ఏమని అర్థం?"

"అర్థమేందబ్బీ నీ మొహం. లోపలోళ్లు వండుతాంటే బయటోళ్లు తలుపు తట్టి తుమెర అంటారు. లోపలోడు తుమెర అని తీస్తాడు. ముందు బయటోళ్లు అనాల, తర్వాత లోపలోడు. రెండూ అయితే గాని ఆ గడియ కదలదు. ఇంత చిన్న దానికి అంత దూరం వచ్చినావా?"

యువరాజు కత్తి దూసి తలుపు మీదికి వెళ్లాడు. ఆమె అడ్డంగా నిలబడింది. చుట్టం లోపలుండగా తలుపు పగలగొట్టేవాళ్లను ఇంతవరకు చూడలేదని గట్టిగా చీవాట్లు పెట్టింది.

"వాడు చుట్టం కాదవ్వా, దుర్మార్గుడు. వాడు తలుపు తీయడు," అన్నాడు సారంగుడు. "ఇంతకు ముందు అలా తీయనివాడెవడూ లేడా?"

"ఉండాడు. మా అవ్వకు అవ్వ కాలంలో ఒకడు. ఆమె పిలిచి పిలిచి ఈ గడప మీదనే గడ్డకట్టి పోయింది. కొడుకులు కోపంతో ఆ పక్క దిగి ఎడారి దిక్కు పోయినారు. వాడు వేసవి దాకా ఉండి, ఉప్పు అయిపోయినాక, దారిన వచ్చినోళ్లెవురో పిలిస్తే తుమెర అని తీసి లేచిపోయినాడు. ఎప్పటి మాటో అది."

ఆ పక్క అంటూ ఆమె చెయ్యి చూపిన వైపే సింహకేళి ఉంది. సారంగుడు మంచులో చతికిలబడ్డాడు. తల్లి చావు చూసి దిగినవాళ్లకు తలుపు అవతలివాడు శత్రువు. కలిసి అంబలి తాగి దిగినవాళ్లకు చుట్టం. వంట అయ్యేదాకా చలిలో నిలబడ్డవాళ్లకు ఆకలి గుర్తుండిపోయింది. కొత్త ఇంటి గుమ్మం ముందు నిలబడి పిలిచేవాడు కాంచనఘోషలో పెళ్లికొడుకైనాడు. తన సొంత మేఘవతి వాళ్లకైతే మనుషులెవరూ గుర్తులేరు, గడప ఒక్కటే మిగిలింది. ఐదుగురూ ఈ తలుపు దగ్గరినుంచే తలో ముక్కా పట్టుకుపోయి, మొత్తం మాదేనని ఈటెలు విసురుకుంటున్నారు. సారంగుడికి నవ్వు రాలేదు. గడప చేజిక్కినవాడు ఇక మాట నిలుపుకోడు, ఇంత తెలిసీ అక్కకు పూచికపుల్లంత ఉపయోగం లేదు. బొమ్మ తీసి చూశాడు. రాయి భుజాలెక్కింది.

లోపల ఏదో ఠంగుమంది. తర్వాత మంత్రాలు. తర్వాత దగ్గు.

"ముసలీ, ఈ పొయ్యి అంటుకోదేం?" అని అరిచాడు ఉలూకనాథుడు. "అగ్నిమంత్రం మూడు విధాల చదివాను."

"ఆ కప్పు కింద మంత్రం పారదు నాయనా. చెకుముకిరాయి గూట్లోనే ఉండాది. పిడకలు కింద వరసవి తీసుకో, పైవి తడిసినాయి. గొట్టం పెట్టి ఊదు."

"అవ్వా, వాడికి సాయం చేస్తారా?" అన్నాడు సారంగుడు.

"ఊదడం రాకపోతే ఎట్ల వండుతాడు?"

ఉలూకనాథుడికి ఊదడమూ రాదు, వండటమూ రాదు. వాడి జన్మలో అన్నం శిష్యులు వండితే తిన్నాడు, లేకుంటే భూతాలు తెచ్చిపెడితే తిన్నాడు. తడి పిడకలే వేశాడు. చలిగాలి వస్తోందని పొగగూడుకు మూత పెట్టాడు. ఇల్లంతా పొగ కమ్మింది. గడియ లాగాడు. అది కదలలేదు. బయటివాళ్లు పిలిస్తే కదా కదలడానికి. లోపల దగ్గు ఎక్కువైంది.

ఈరమ్మ కంగారుగా తలుపు వైపు వెళ్లి నోరు తెరిచింది. సారంగుడు ఆమె చేతులు పట్టుకున్నాడు. "ఒక్క క్షణం ఆగండవ్వా. మీకు దండం పెడతాను. వాడి దగ్గర మా అక్క గొంతు ఉంది." తలుపుకు నోరు ఆనించాడు. "ఉలూకనాథా, శంఖం పొగగూటిలోంచి బయటికి వెయ్యి. వేస్తే పిలుస్తాం. లేకుంటే నీ పొగ నువ్వే తాగు."

"పిలవక చస్తారా? ఆ ముసలిదాని పద్ధతి నాకు తెలుసు," అన్నాడు వాడు దగ్గుల మధ్య.

అది నిజమే. ఈరమ్మ చేతులు విదిలించుకుంటోంది. "చుట్టం ఉక్కిరిబిక్కిరైతాంటే బేరం పెడతావా? ఎవురు పెంచినారబ్బీ నిన్ను?"

"లోపల శంఖంలో ఉన్న ఆవిడే పెంచింది," అన్నాడు సారంగుడు. "ఎవరి మాట వాళ్లకు అప్పజెప్పమని పెంచింది. ఆమె మాట ఆమెకు ఇప్పించండవ్వా."

ఈరమ్మ అతని మొహంలోకి చూసి, కంబళి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అలా మౌనంగా ఎంతసేపు ఉండగలదో ఎవరికీ తెలియదు. ఉలూకనాథుడికి అసలే తెలియదు. బయట అలికిడి లేకపోయేసరికి వాడి ధైర్యం జారిపోయింది. పొగగూటి మూత ఎగిరింది, దాని వెనకే తెల్లని శంఖం. యువరాజు గాలిలోకి ఎగిరి దాన్ని పట్టుకున్నాడు. ఆ ఒక్క పనికి సారంగుడు అతని పద్యాలన్నీ క్షమించాడు.

"తుమెర," అంది ఈరమ్మ వెంటనే, తలుపు తట్టి.

"తుమెర," అన్నాడు మాంత్రికుడు లోపలినుంచి, దగ్గుతూ. గడియ దానంతటదే జారింది.

మసి పట్టి, కళ్లలో నీళ్లు కారుతూ గుమ్మంలో నిలబడ్డ ఉలూకనాథుడు ఇప్పుడు అచ్చంగా మందారిక కథలోవాడిలాగే ఉన్నాడు. గడప దాటి శంఖం మీదికి రాబోయాడు. పాదం గడప మీద అతుక్కుపోయినట్టు ఆగిపోయింది.

"వండినోడు కుండ ఖాళీ అయ్యేదాకా గడప దాటలేడు నాయనా, ఇల్లు దాటనీదు," అని ఈరమ్మ వాణ్ని లోపలికి తోసి అందరినీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టింది. కుండ మూత తీసి గుండె బాదుకుంది. గంపలో ఉన్న గింజలన్నీ వాడు ఒకేసారి పోశాడు. గింజలు ఉడికితే ఉబ్బుతాయని వాడికెవరు చెప్పారు? అంబలి కుండ దాటి, మూకుడు దాటి, పొయ్యి చుట్టూ పేరుకుంది. అడుగు మాడింది, పైన పచ్చి.

బయటినుంచి వచ్చిన ముగ్గురూ తలో గుక్కా తాగారు. "ఉప్పు లేదు," అన్నాడు యువరాజు. ఉలూకనాథుడు అతని వైపు చూసిన చూపుకు గండభేరుండమైతే పడిపోయేది. ఆ కప్పు కింద ఏమీ కాలేదు.

సారంగుడు శంఖాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"ఒరేయ్ సారంగా," అంది మందారిక గొంతు. "ఇంతసేపా? ఎన్నాళ్లని ఈ చిప్పలో వాడి మొలకు వేలాడాలిరా? ఏడవకు, ముక్కు చీదుకో. ఈ శంఖం తీసుకెళ్లి నా పెదవులకు ఆనించు. పెదవులు రాయైతే ఇక ఆనించినా లాభం లేదు. ఇంకా కూర్చుని అంబలి తాగుతావేం?"

సారంగుడు లేచి ఈరమ్మకు మొక్కాడు. వంతెన తెగిపోయినా వెనకవైపు గొర్రెల దారి ఉందని, అది దిగితే సూటిగా మేఘవతి పొలిమేర అని ఆమె చెప్పింది.

"మిమ్మల్ని ఒక్కరినే వీడి దగ్గర వదిలి ఎలా పోతాం?" అన్నాడు యువరాజు.

"పనుండేటోళ్లు పోవాల గదా. ఈయన తాగి, కుండ కడిగి పోతాడు. అందరూ అట్లనే పోయినారు."

అందరూ కాదని సారంగుడికి తెలుసు. ఆ మాట ఆమె నోటనే విన్నాడు. అయినా చేతిలో శంఖం, మొలలో బొమ్మ. మాంత్రికుడు తల వంచుకుని ముద్ద తర్వాత ముద్ద మింగుతున్నాడు, కుండ ఇంకా నిండుగానే ఉంది. వాళ్లు కనుమరుగయ్యేదాకా చూస్తానంటూ ఈరమ్మ గడప బయటికి వచ్చి నిలబడింది. సారంగుడు గుర్రమెక్కాడు.

గొర్రెల దారి మలుపులు మలుపులుగా దిగుతోంది. మంచు చినుకులు మొహాన కొడుతున్నాయి. శంఖంలోంచి మందారిక, గుర్రాన్ని అలా కాదు ఇలా నడపమని సణుగుతూనే ఉంది. ఇన్నాళ్ల తర్వాత ఆ సణుగుడు వింటుంటే సారంగుడికి ప్రాణం లేచి వచ్చింది. రెండో మలుపు తిరిగారో లేదో, పైన కుండ పగిలిన చప్పుడైంది. కొండ కొండంతా ఆ చప్పుడును తిప్పి తిప్పి చెప్పింది.

ఉలూకనాథుడు కుండ కడిగి పోలేదు. తాగలేక నేలకేసి కొట్టాడు. ఎలాగైతేనేం, కుండ ఖాళీ అయింది. పొయ్యి రాజుకునే ఉంది, పొగగూడు తెరిచే ఉంది. ఇప్పుడు లోపల ఎన్నాళ్లున్నా ఉక్కిరిబిక్కిరయ్యే పని లేదు. వెంటనే గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత గాలిలో ఒక ముసలి గొంతు. "తుమెర."

ఆమె పద్ధతి ప్రకారం తలుపు తట్టి పిలుస్తోంది. కాస్త ఆగి మళ్లీ అంది. లోపలినుంచి జవాబు లేదు. యువరాజు గుర్రాన్ని ఆపేశాడు. అతనికి పద్యాలేవీ తట్టలేదు.

సారంగుడు బొమ్మ తీశాడు. రాయి గడ్డం దాకా వచ్చింది. ఇక మిగిలింది పెదవులు. అతనికి ఉలూకనాథుడి మీద, యువరాజు మీద, తలుపులన్నీ తెరిచి కూర్చునే ఆ ముసలమ్మ మీద, ఐదు రాజ్యాల పండితుల మీద ఒకేసారి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. కళ్లేన్ని బిగించి ముందుకే చూశాడు.

"వినపడుతోందా?" అంది శంఖం.

"వినపడనట్టు పోదామనుకుంటున్నానక్కా."

"జవాబు రాకపోతే ఏమవుతుందో ఆమె చెప్పినప్పుడు నేనూ విన్నాను. గుర్రాన్ని తిప్పు."

"తిప్పితే నువ్వు రాయైపోతావు."

"ఏమో, కాకపోవచ్చు. అయితే అవుతాను. నాకు భయం లేదనుకోకు, ఉంది. కానీ తలుపు దగ్గర పిలుస్తున్న మనిషిని వదిలేసి నా గొంతు తెచ్చావనుకో, ఆ గొంతుతో నేనింకెవరికి ఏం కథ చెప్పనురా? తిప్పు."

"నీతో వేగలేనక్కా," అన్నాడు సారంగుడు. కళ్లు తుడుచుకుని, బొమ్మను మళ్లీ చూడకుండా మొలలో దోపుకున్నాడు.

పైనుంచి ఈరమ్మ గొంతు మూడోసారి వినిపించింది, ఈసారి సన్నగా.

"తుమెర, అవ్వా," అని సారంగుడు కొండలు మారుమోగేలా జవాబిచ్చి, గుర్రాన్ని ఎగువకు తిప్పాడు.